త్రినాధరావు గారి కంప్యూటరు చెయ్యి

అనకాపల్లిలో త్రినాధరావు ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరరు. నాలుగేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాడు. చేస్తున్నాడంటే, అడిగినవాళ్లకి చేస్తున్నానని చెబుతున్నాడు.

మనిషి మోచేతి దగ్గర్నుంచి వేలి కొస దాకా ఉన్న ఇరవై తొమ్మిది ఎముకల్నీ, వాటిని లాగే కండల్నీ కంప్యూటర్లో బొమ్మ కట్టి ఆడించడం ఆయన పరిశోధన. ఏ పనికి ఏ కండ ఎంత కష్టపడుతుందో ఆ బొమ్మ రంగుల్లో చూపిస్తుంది. తేలిక పనికి నీలం, ఒళ్లు హూనమయ్యే పనికి ఎరుపు.

ఇన్ని కండల గుట్టు తెలిసిన మనిషి ఇంట్లో ఒక్క కండ కదిపేవాడు కాదు.

భార్య నూకరత్నం సముద్రపొడ్డు పూడిమడక ఆడపడుచు, అంగన్‌వాడీ టీచరు. వారమంతా తను చేసుకుని, ఆదివారం ఆయనకి రెండే పనులు పెట్టింది. దుప్పట్లు పిండడం, చేప పొలుసు తియ్యడం. ఆ రెండూ ఎగ్గొట్టడానికి త్రినాధరావు ఒక శనివారం సాయంత్రం ల్యాప్‌టాప్ తీసి, ఏ చిన్న పనికైనా ఎర్రబడేలా ఆ బొమ్మ మోడల్లో కండల బలాన్ని పదో వంతుకి తగ్గించేశాడు.

తెల్లారి భార్యని పిలిచాడు. "రత్నం, ఇలా రా. సైన్సు ఏటంటందో చూడు."

బొమ్మ చెయ్యి దుప్పటి మెలి తిప్పింది. మణికట్టు దాకా పండుమిరపకాయలా ఎర్రబడింది.

"ఏటండీ అది, కాలిపోతన్నాదేటి?"

"అది నా చెయ్యే. ఇలాగే పిండితే నెల తిరక్కుండా చాక్‌పీసు పట్టుకోలేను."

"మరి సేప పొలుసు?"

మీట నొక్కాడు. ఇంకా ఎర్రబడింది.

"పక్కింటి సత్తిరాజన్నయ్య గారింట్లో రోజూ క్యారమ్స్ ఆడతన్నారు కదా, దానికో?"

"అది... ఇంకా మోడల్లో పెట్టలేదు."

నూకరత్నం ఆ ఎర్ర చేతిని జాలిగా చూసింది. త్రినాధరావు లోలోపల ఈల వేసుకున్నాడు.

"పాపం! మరి నా సెయ్యి ఎలాగున్నాదో? నాకూ అంటించండి ఆ స్టిక్కర్లు."

కాదంటే అనుమానమొస్తుంది. కండ కదలికని పసిగట్టి బొమ్మకి అందించే స్టిక్కర్లు ఆమె ముంజేతికి ఆరు అంటించాడు. ఆమె కత్తిపీట ముందు కూర్చుని మూడు కిలోల పండుగప్ప చేప అందుకుంది. పొలుసు శనగపొట్టులా గాల్లోకి లేచింది. పదో వంతు బలంతో ఆ వేగాన్ని అందుకోలేక బొమ్మ చెయ్యి ఎర్రబడి, వణికి, బొటనవేలు ఊడి మోచేతి పక్కన తేలింది.

"ఓలమ్మో, నా యేలు!" నూకరత్నం సగం పొలుసు తీసిన చేపని అలాగే వదిలేసి లేచింది. "మీకన్నా నాకే పెమాదం ఎక్కువున్నాది. ఇంక నేనేటీ ముట్టుకోను."

అన్నట్టే ముట్టుకోలేదు. ఆమె అంగన్‌వాడీలో పిల్లలతోపాటు తినేసి వచ్చేది. ఆయన మూడు పూటలా హోటల్ ఇడ్లీ తిన్నాడు. బుధవారానికి ఉతికిన చొక్కాలు అయిపోయి, పెళ్లినాటి పట్టుచొక్కాతో కాలేజీకి వెళ్తే, "సార్, మళ్లీనా?" అని వెనక బెంచీవాళ్లు అడిగారు.

గురువారం ఆయన పీహెచ్‌డీ గైడు చంద్రమౌళి గారు ఇంటికొచ్చారు. నూకరత్నమే ఫోన్ చేసింది, తన వేలు ఊడిపోయేలా ఉంది, ఓసారి చూసి వెళ్లమని.

గైడుగారు ల్యాప్‌టాప్ ముందు పది నిమిషాలు కూర్చుని కళ్లజోడు తీశారు. "త్రినాధరావూ, ఈ లెక్కన ఈ చెయ్యి పెన్ను కూడా ఎత్తలేదు. నీ థీసిస్ ఎవరు రాస్తున్నారయ్యా?"

త్రినాధరావు ఫ్యాను వంక చూశాడు.

"నువ్వు దుప్పటి పిండిన రికార్డింగేదీ?"

"అది... ఊహించి వేశాను సార్."

అంకెలు సరిచేసి, గైడు నూకరత్నం చేప పొలుసు తీసిన రికార్డింగు ఆడించారు. చెయ్యంతా నీలమే. "అమ్మా, ఇంత ఒడుపున్న చెయ్యి నా సర్వీసులో చూళ్లేదు. థీసిస్‌కి కావలసిన, పని వచ్చిన చెయ్యి మీది. వారానికి మూడు రికార్డింగులు చాలు. ముందురోజు మాత్రం చేతికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలి."

"అలాగే సార్," అంది నూకరత్నం బుద్ధిగా.

"పని రాని చెయ్యి నీది త్రినాధరావూ. అది రోజూ పని చెయ్యాలి. నేర్చుకునే కొద్దీ కండ ఎలా మారుతుందో మూడు నెల్లు చూద్దాం. జూన్‌కి డిగ్రీ లేకపోతే నీ ఉద్యోగం సంగతి నేను చెప్పక్కర్లేదు."

ఆదివారం కుళాయి దగ్గర, ముంజేతికి ఆరు స్టిక్కర్లతో, త్రినాధరావు పళ్లు బిగించి దుప్పటి పిండాడు. కుర్చీలో కూర్చున్న నూకరత్నం ఒళ్లోని ల్యాప్‌టాప్ వంక చూసి నిట్టూర్చింది.

"మళ్లీ తడపండి."

"ఎందుకే? చుక్క లేకుండా పిండేశాను కదా!"

"మూడో స్టిక్కరు ఊడిపోనాదండి. మొదట్నుంచీ పిండాల. నాదేటున్నాది, సార్ సెప్పేరు."