పేరు నిలబెట్టుకున్న సూపరింటెండెంటు

“మనిషి పోయినా పేరు నిలవాలి!”

ఆఫీసు నడిమధ్య నిలబడి సూపరింటెండెంటు గారు సెలవిచ్చారు. కొత్తగా కట్టిన మీటింగు హాలుకి తన పేరు పెట్టించుకోవాలని ఆయన తహతహ. ఆ సంగతి తేల్చడానికి డైరెక్టరు గారు ఆ రోజే వస్తున్నారు మరి!

ఆ మాటకొస్తే ఆ ఆఫీసులో అందరి పేర్లూ నిలబెట్టింది ఆయనే. కాగితాలు నమిలే ప్రింటరుకి టైపిస్టమ్మ పేరు పెట్టారు. కాలు విరిగిన కుర్చీకి, కుంటుతూ నడిచే అటెండరు పేరు తగిలించారు. కొత్తగా చేరినవాళ్ళు కూడా ప్రింటరుని ప్రింటరనడం మానేశారు.

“సార్, పొద్దస్తమానం నా పేరు పెట్టి దాన్ని బాదుతున్నారు. వినలేకపోతున్నాను,” అని టైపిస్టమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“సరదాగా తీసుకోవాలమ్మా! పేరు రావడమంటే మాటలా?” అని ఆయన పకపకా నవ్వారు.

డైరెక్టరు గారు రానే వచ్చారు. ఒకటే ఉక్క. అకౌంటెంటు కంగారుపడి సూపరింటెండెంటు గారి పేరు పెట్టి గట్టిగా అరిచాడు: “త్వరగా ఇటు లాక్కురావయ్యా! దుమ్ము దులిపి మరీ తీసుకురా!”

అటెండరు లాక్కొచ్చింది స్టాండు ఫ్యానుని. దానికి చప్పుడు బోలెడు, గాలి మాత్రం సున్నా. పైగా ఎటు పెట్టినా పెద్ద కుర్చీ వైపే తిరుగుతుంది.

సంగతి అర్థమై డైరెక్టరు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. సూపరింటెండెంటు గారికి తల కొట్టేసినట్టయింది.

“మనుషుల పేర్లతో ఆటలా! మానవ గౌరవానికే అవమానం!” అంటూ అక్కడికక్కడే ఉత్తర్వు టైపు చేయించారు. ఇకమీదట ఈ ఆఫీసులో ఏ వస్తువునూ, ఏ గదినీ మనుషుల పేర్లతో పిలవరాదట! కోపంలో సంతకం కాగితాన్ని చీల్చినంత పని చేసింది.

డైరెక్టరు గారు చదివి తలాడించారు. “భేష్. మరి హాలు కూడా గదే కదండీ? దానికి మీ పేరు పెట్టడానికి వీల్లేదన్నమాట.”

“అయ్యో! దీన్ని... రద్దు చేసుకోవచ్చాండీ?”

“మీ ఇష్టం. రద్దు చేస్తే హాలుకీ మీ పేరే, ఫ్యానుకీ మీ పేరే.”

టైపిస్టమ్మ టైపు చేయడం ఆపి ఆశగా ఇటే చూసింది. ఆ కాగితం నిలిస్తే ఆవిడ పేరు ఆవిడకు దక్కుతుంది.

సూపరింటెండెంటు గారు కాగితాన్ని పరపరా చించేశారు. గబగబా వెళ్ళి ఫ్యానుని డైరెక్టరు గారికి ఇంకాస్త దగ్గరగా జరిపి, తన పేరుతోనే దాన్ని నోరారా పిలిచి, “చూశారా సార్! ఎంత బుద్ధిగా మీ వైపే తిరుగుతోందో!” అన్నారు.