ఎర్ర సిరాలో సినిమా

సోమవారం ఉదయం ప్రూఫ్ రీడర్ గడ్డం గీసుకుంటూ, అద్దంలోని తన మొహానికి నిన్న చూసిన సినిమా మీద అభిప్రాయం చెబుతున్నాడు.

"కథలో పట్టు లేదు. కథనంలో వేగం లేదు. నటనలో జీవం లేదు." ఎడమ చెంప మీద నురగ తుడుచుకుని, "మొత్తం మీద ఏమీ లేదు," అని ముగించాడు. ముగింపు ఆయనకే నచ్చింది. ఇంకోసారి అన్నాడు.

"మీరు మేలుకుని చూసింది మొదటి అరగంటేగా," అంది భార్య టవలు అందిస్తూ. "ఆ లేనివన్నీ తర్వాత వచ్చాయి."

"తెలిసినవాడికి అరగంట చాలు," అని ఆయన టవల్లో మొహం దాచుకున్నాడు.

ఆయన పనిచేసే ప్రెస్సులో సోమవారం పదకొండింటికి మిషన్లు ఆపేస్తారు. టీ వస్తుంది. పన్నెండేళ్ళుగా ఆ టీతోపాటు ఆయన అభిప్రాయమూ వస్తోంది. ఓనరు మొదలుకొని మిషన్ బాబాయ్ దాకా అందరూ కాగితం బండిళ్ళ మీద కూర్చుంటారు, మాస్టారు ఒక్కడూ చేతుల కుర్చీలో. మాస్టారని పిలవడం ఆయన ఎక్కడో పాఠాలు చెప్పినందుకు కాదు, అందరి తప్పులూ పట్టుకుంటాడు గనక. ఈ పన్నెండేళ్ళలో ఆయన బాగుందన్న సినిమా ఒక్కటే. అదీ కరెంటు పోయి సగంలో ఆగిపోయింది. అయినా అందరూ వినేవారు. ఆయన వద్దంటే వెళ్ళడం మానేసేవారు. ఇంట్లో గానీ వీధిలో గానీ ఆయన మాటకు అంత విలువ ఇచ్చినవాళ్ళు లేరు. ఆ పావుగంట కోసమే ఆయన మిగతా వారమంతా కామాలూ చుక్కలూ చూసుకుంటూ బతికేవాడు.

మూడు నెలల కిందట కొత్త డిజైనర్ చేరింది. ఆ అమ్మాయి కూడా ఆదివారం సినిమా చూస్తుంది. కానీ కుర్చీ ఎక్కి చెప్పదు. అరపేజీ రాసి, కింద 'వెనక సీటు' అని పేరు పెట్టి, టీ ఫ్లాస్కు పైన గోడకు అంటిస్తుంది. ఎంత చెత్త సినిమాలోనైనా ఆమెకు ఏదో ఒక మంచి కనిపిస్తుంది. మొదటివారం దాన్ని మాస్టారి అభిప్రాయం అయ్యాక చదివారు. రెండోవారం ఆయన చెబుతుండగానే చదివారు. కిందటి సోమవారం ఆయన "కథలో పట్టు లేదు" అనగానే ఓనరు చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్క నిమిషం మాస్టారూ, అమ్మాయి ఏం రాసిందో చూద్దాం," అన్నాడు. ఆ నిమిషం ఇంకా పూర్తి కాలేదు.

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. మనసులో అయినా ఒప్పుకోవాలి కదా: అది అచ్చమైన కుళ్ళు. ఆమె రాత చూసి కుళ్ళుకున్నాడు, రాత చూసి జనం నవ్వితే కుళ్ళుకున్నాడు, చివరికి ఆమె కాగితం గోడకు అంటుకున్న తీరు చూసి కూడా కుళ్ళుకున్నాడు. తను అంటించిన సెలవుల పట్టిక ఒక్కరోజైనా నిలవలేదు.

అందుకే ఈ సోమవారం గట్టిగా తయారై వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడో లేదో, డిజైనర్ హడావిడిగా వచ్చి బల్ల మీద ఒక కాగితం పెట్టింది.

"మాస్టారూ, ఇది మీరు ఒక్కసారి చూసిపెట్టాలి. అమ్మని కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఇవాళ సెలవు పెట్టాను. ఇది మన థియేటర్ వాళ్ళ..."

కాగితం కింద 'వెనక సీటు' అని చూడగానే ఆయన చెవులు పనిచేయడం మానేశాయి. నా బల్ల మీదికే తెచ్చి పెడుతుందా!

"సరే సరే, పెట్టి వెళ్ళమ్మా," అన్నాడు.

ఆయన వినని మిగతా సగంలో ఉన్న సంగతి ఇది: పక్కవీధి థియేటర్ మేనేజరు ఆమె రాతల గురించి విని, తన కొత్త సినిమా హ్యాండ్‌బిల్లు వెనకవైపు ఆమె అభిప్రాయం అచ్చువేయమన్నాడు. రేపు పొద్దున్నే పేపర్లలో పెట్టి పంచాలి. మాస్టారు దిద్ది ట్రేలో వేయగానే మిషన్ ఎక్కించమని బాబాయ్‌కి చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

మాస్టారు చదివాడు. నిన్న ఆయన నిద్రపోయిన సినిమానే. జ్ఞాపకం పోయిన ఓడ కెప్టెన్‌కి సొంత భార్యే నర్సుగా వచ్చి సేవ చేస్తుంది. ఆయన ఎర్ర పెన్ను మూత తీశాడు. ఇది ఎవరూ చూడరు, ఇంటికి పట్టుకెళ్ళి తనే చదువుకుంటాడు, అంతవరకే అనుకున్నాడు.

'కెప్టెన్ భార్యను గుర్తుపట్టలేని ఘట్టంలో హాలంతా నిశ్శబ్దమైపోయింది' అని ఆమె రాసింది. పక్కన ఆయన చేర్చాడు: 'సగంమంది నిద్రలో ఉన్నారు గనక.' ఇది మాత్రం ఆయనకు స్వయంగా తెలిసిన విషయం.

'హీరోయిన్ నర్సు పాత్రలో ఒదిగిపోయింది.' చేర్చాడు: 'ఎంత ఒదిగిపోయిందంటే, రెండున్నర గంటల్లో ఇంకో రోగి మొహం చూడలేదు.'

'తుఫాను దృశ్యాలు అద్భుతం.' ఇక్కడ పెన్ను పరుగెత్తింది. 'అంత తుఫానులోనూ కెప్టెన్ క్రాపు చెదరలేదు. ఆ నూనె ఏదో ఓడకు కూడా రాసి ఉంటే మునిగేది కాదు.'

'కుటుంబమంతా కలిసి చూడవలసిన సినిమా' అన్న చివరి వాక్యాన్ని సగం కొట్టేసి, 'ఇంట్లో మాటలు మానేసినవాళ్ళు తప్పక చూడాలి. బయటికి వచ్చాక అందరికీ కలిసి తిట్టుకోవడానికి ఒక డైరెక్టరు దొరుకుతాడు' అని దిద్దాడు. కడుపులో మూడు నెలల మంట చల్లబడింది. ఇరవై రెండేళ్ళుగా కాగితం చివరికి చేరిన చెయ్యి ఏం చేస్తుందో, ఆ చెయ్యి అదే చేసింది. 'ఓకే' అని రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, కుడివైపు ట్రేలో పడేసింది. ఆయన టీకి లేచాడు.

ఆ ప్రెస్సులో ఒక చట్టం ఉంది. ఒకప్పుడు మిషన్ బాబాయ్ ఒక దిద్దుబాటు చూసి 'ఇలా కాదేమో' అని సొంత తెలివి ఉపయోగించాడు. నాలుగువేల కాపీలు మళ్ళీ వేయాల్సి వచ్చింది. ఆ రోజు మాస్టారు అందరినీ నిలబెట్టి, "ఎర్ర సిరా కనిపిస్తే ఆలోచించొద్దు! ఉన్నది ఉన్నట్టు దించండి!" అని గర్జించాడు. బాబాయ్ అప్పటినుంచి ఆలోచించడం మానేశాడు. డిజైనర్ లేదు గనక ఒంటివేలితో తనే టైపు చేసి, ఆలోచించకుండా ఐదువేలు అచ్చువేశాడు.

సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు మాస్టారు ఆ కాగితం కోసం బల్లంతా వెతికాడు. దొరకలేదు. ఏ చెత్తబుట్టలోకో పోయుంటుందిలే అనుకున్నాడు.

మంగళవారం పొద్దున వంటింట్లోంచి పెద్దగా నవ్వు వినిపించింది. భార్య పేపరు ముందేసుకుని, అందులోంచి జారిన హ్యాండ్‌బిల్లు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏమండీ, ఇది విన్నారా? ఆ నూనె ఏదో ఓడకు కూడా రాసి ఉంటే..." మిగతాది చదవలేకపోయింది. "ఎవరో వెనక సీటట. భలే రాసింది! మీరూ చెబుతారు అభిప్రాయాలు, ఒక్కనాడైనా ఇలా చెప్పారా?"

మాస్టారు దాన్ని లాక్కుని తిప్పి చూశాడు. ముందువైపు థియేటర్ ప్రకటన. థియేటర్ వాళ్ళ డబ్బుతో థియేటర్ వాళ్ళ సినిమాను తిట్టి, ఊరంతా పంచిపెట్టాడు! చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా ప్రెస్సుకు పరుగెత్తాడు. ఎవరూ రాకముందే బాబాయ్ బల్ల దగ్గర మేకుకు గుచ్చి ఉన్న ప్రూఫు కాగితం పీకి, బైండింగు గదిలో జిగురు డబ్బాలో ముంచేశాడు. ఎర్ర సంతకం మెల్లిగా లోపలికి దిగిపోయింది.

తొమ్మిదిన్నరకు ఓనరు వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"థియేటర్ మేనేజరు ఫోన్ చేశాడు. 'వస్తున్నా, ఎవరూ కదలొద్దు' అని పెట్టేశాడు. పదేళ్ళ గిరాకీ పోయినట్టే! ఎవరు రాశారిది?"

డిజైనర్ హ్యాండ్‌బిల్లు చూసి బిత్తరపోయింది. "నేను ఇలా రాయలేదు సార్..."

"మరి ప్రూఫ్ చూసిందెవరు?"

గది అంతా మాస్టారి వైపు తిరిగింది. ఆయనకు ఇరవై రెండేళ్ళ ఉద్యోగం కళ్ళముందు కనిపించింది.

"నా దగ్గరికి రాలేదు," అన్నాడు. అది చాలదనిపించి, "ఆ కాగితం నేను కళ్ళతో కూడా చూడలేదు," అన్నాడు. అదీ చాలదనిపించి, "చూసి ఉంటే ఇలాంటి రాత ఒక్క ముక్క కూడా పోనిచ్చేవాణ్ణి కాదు. ఇది నా పద్ధతే కాదు," అన్నాడు.

బాబాయ్ నోరు తెరిచాడు. మేకు వైపు చూశాడు. ఖాళీగా ఉంది. నోరు మూసుకున్నాడు.

డిజైనర్ మాస్టారి కుడిచేతి చూపుడువేలు మీది ఎర్ర మరక వైపు ఒక క్షణం చూసింది. "నేనే చూసుకుని వెళ్ళాల్సింది సార్. తప్పు నాదే," అంది. మాస్టారికి సిగ్గేసింది. సిగ్గుతోపాటు, ఆ పిల్ల అంత హుందాగా నిలబడినందుకు కొంచెం కుళ్ళు కూడా పుట్టింది.

పదకొండున్నరకు థియేటర్ మేనేజరు రొప్పుతూ వచ్చాడు. ఓనరు చేతులు జోడించి ఎదురెళ్ళాడు. "క్షమించండి సార్, పొరపాటు..."

"క్షమాపణలు తర్వాత! హాలు నిండిపోయింది," అన్నాడు మేనేజరు. "నిన్న పొద్దుటాటకి పదకొండుమంది. ఇవాళ కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. తుఫాను రాగానే జనమంతా 'నూనె! నూనె!' అని అరుస్తున్నారు. ముసలాయన ఒకాయన నవ్వి నవ్వి కట్టుడు పళ్ళు పోగొట్టుకున్నాడు. రాసిందెవరు? ప్రతివారం మాకు రాయాలి. వెనక సీటు కాదు, బాల్కనీ మొదటి వరసలో సీటు ఇస్తాను. హాలు బయట బోర్డు మీద పేరు వేయిస్తాను!"

మాస్టారు లేచి నిలబడ్డాడు. తను లేచినట్టు తర్వాత తెలిసింది. "ఆ నూనె ముక్క... అసలు ఆ నూనె ముక్క ఎలా పుట్టిందంటే..."

"మీరు ఆ కాగితం చూడనేలేదుగా మాస్టారూ," అన్నాడు ఓనరు.

"చూడలేదు. కానీ..."

"మీ పద్ధతే కాదన్నారు."

బాబాయ్ దగ్గాడు. మాస్టారు చేతుల కుర్చీలో మళ్ళీ కూర్చున్నాడు. మేనేజరు డిజైనర్ చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నాడు.

"నా ఒక్కదానివల్ల కాదు సార్," అంది ఆమె. "ఈసారి ప్రూఫ్ చూడక ఇలా అయింది. ఇకమీదట ప్రతివారం మాస్టారు ఎర్ర సిరాతో ధారాళంగా దిద్దాలి. అలా అయితేనే రాస్తాను."

"అచ్చుతప్పులు దిద్దడానికి ఆయనకేం అభ్యంతరం?" అన్నాడు ఓనరు. మాస్టారికి అభ్యంతరం ఉంది. కానీ అది ఏమిటో చెప్పే వీలు లేదు.

ఆ తర్వాతి వారం ఆమె అరపేజీ రాసింది, ఆయన పేజీన్నర దిద్దాడు. బోర్డు మీద వెనక సీటు పేరు ఆయన ఎత్తు అక్షరాల్లో వచ్చింది. రోజూ ఆ వీధిలోంచే నడుస్తూ, తన మాటలు చదివి జనం నవ్వడం చూసి, ఆ మాటలు రాసినవాళ్ళ మీద ఆయన కుళ్ళుకునేవాడు.

నాలుగోవారం హ్యాండ్‌బిల్లు వచ్చిన పొద్దున, భార్య చదివి పక్కన పెట్టేసింది.

"ఈసారి మాత్రం తగ్గిందండీ. ఆ అమ్మాయి దగ్గర సరుకు అయిపోయినట్టుంది."

"ఎక్కడ తగ్గింది? మూడో వాక్యం మళ్ళీ చదువు. అందులో ఎంత లోతుందో నీకేం తెలుసు?" అంటూ మాస్టారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆయన ఇంకొకరి అభిప్రాయాన్ని వెనకేసుకొచ్చి అరగంట వాదించడం అదే మొదటిసారి.