పంచదార మానేసిన క్లబ్బు

"నర్సీపట్నం పౌరులారా! మన సూర్యోదయ వాకర్స్ క్లబ్బులో నూటికి తొంభై మంది పంచదారను శాశ్వతంగా బహిష్కరించారు!"

అధ్యక్షులు జగదీశ్వరరావు గారు మైకులో ఇలా ప్రకటించిన రోజే వాళ్లింట్లోని పంచదార డబ్బా బీరువాలోకి వెళ్లిపోయింది. తాళంచెవి ఆయన మొలతాడుకెక్కింది.

ఆయన భార్య సింహాద్రమ్మ మాత్రం చప్పట్లు కొట్టలేదు. పాపం, ఆవిడకి ఏ జబ్బూ లేదు. పొద్దున్నే గ్లాసుడు తియ్యటి కాఫీ పడితే చాలు, అంతే ఆవిడ కోరిక! "అధ్యక్షుడి ఇంట్లోనే తీపి ఉంటే లోకం ఏమనుకుంటుంది?" అన్నారు ఆయన. ఉగాది నుంచీ ఆవిడ కాఫీ పేరుతో కషాయం మింగుతోంది. మొన్న మాడుగుల హల్వా తెచ్చిన చుట్టాన్ని ఆయన గుమ్మంలోంచే సాగనంపేస్తే ఆవిడకి నిజంగా ఏడుపొచ్చింది.

ఇంతలో జిల్లా వాకర్స్ సభలో రావు గారికి శాలువా కప్పుతామని కబురొచ్చింది. అయితే ఆ తొంభై శాతానికి శాస్త్రీయ నిరూపణ కావాలట! డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే గౌతమికి పిలుపు వెళ్లింది. ఆ పిల్ల సింహాద్రమ్మకి మేనకోడలు.

"ముందుగా మీ మాటే నిజమని ఒప్పేసుకుంటాను మావయ్యా," అంది గౌతమి.

"ఒప్పేసుకున్నాక ఇంక పరీక్ష దేనికే?"

"అది నిలబడుతుందో లేదో చూడాలి కదా! చీట్లేసి నలభై మందిని తీద్దాం. తొంభై శాతం నిజమైతే అందులో ఇంచుమించు ముప్పై ఆరుగురు మానేసినవాళ్లే తగలాలి. ఒకరిద్దరు తగ్గితే చీట్ల మహిమ అనుకుందాం. ముప్పై రెండుకో, ఇంకా కిందికో పడితే మాత్రం మీ మాట కొట్టేయాల్సిందే. నిజమైన తొంభై శాతం అంతలా దిగజారడం నూటికి అయిదుసార్లు కూడా జరగదు."

"కొట్టేస్తే?" వంటింట్లోంచి సింహాద్రమ్మ గొంతు ఆశగా వినిపించింది.

"కొట్టేస్తే ఈ తాళం నీ చేతిలో పెడతాను, సరేనా!" మీసం దువ్వారు రావు గారు.

మేనకోడల్ని సాగనంపే వంకతో ఆవిడ వీధిలోకొచ్చింది. "మానేసేరో నేదో ఎలా తెలుస్తాదే? అడిగితే అందరూ మానేసేమనే సెబుతారు."

"అడగనత్తా. టీ ఇస్తాను."

ఆదివారం పొద్దున్న క్లబ్బు సమావేశం. షుగర్ జబ్బున్నవాళ్లని తప్పించి, మిగతా సభ్యుల పేర్లతో చీట్లేసి నలభై మందిని తీశారు. "పంచదార లేని టీ" అని పెద్దక్షరాల కాగితం అంటించుకుని ఫ్లాస్కులొచ్చాయి. ఆ టీ గౌతమి ఇంట్లో సింహాద్రమ్మ స్వహస్తాలతో కాచింది. గ్లాసుకి మూడేసి చెంచాల పంచదార, ధారాళంగా! నిజంగా మానేసినవాడు ఒక్క గుక్కకే గ్లాసు దించేస్తాడని వాళ్ల లెక్క.

దించారు, తొమ్మిది మంది. "ఏటమ్మా ఇది, టీయా పాకమా?" అని నాతవరం లచ్చన్న గారు మొహం చిట్లించారు.

మిగతా ముప్పై ఒక్కమందీ కళ్లు మూసుకుని తాగారు.

"ఆహా! అలవాటైపోతే పంచదార నేకపోయినా కమ్మగానే ఉంటాదండీ!" అన్నారు కార్యదర్శి ధర్మారావు గారు, గ్లాసు మళ్లీ చాపుతూ.

"మనసు శుద్ధి అయితే నాలిక కూడా శుద్ధి అవుతుంది!" అని ప్రవచించారు అధ్యక్షుల వారు. చీటీలో పేరు రాకపోయినా ఆయన రెండు గ్లాసులు లాగించారు.

అప్పుడు గౌతమి మైకు అందుకుంది. టీలో ఏముందో చెప్పింది. నలభైలో మానేసినవారు తొమ్మిది మంది, తొంభై శాతం మాట కొట్టివేయడమైనది అని చదివింది. సభ్యులందరూ ఒక్కసారిగా బూట్ల లేసులు కట్టుకోవడంలో పడ్డారు.

"శాంపిల్ చిన్నదండీ!" అని ధర్మారావు గారు గొణిగారు. ఆయన మీసాలకి టీ ఇంకా ఆరలేదు.

శాలువా సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక రావు గారు మొలతాడు నుంచి తాళంచెవి తీసి ఇచ్చి, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. సింహాద్రమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, పరుగున వెళ్లి బీరువా తెరిచింది. నిండుగా ఇచ్చిన డబ్బా కదా, రెండు చేతులా పట్టుకుని మూత తీసింది.

లోపల ఒక చెంచా ఉంది. పంచదార పలుకన్నది లేదు.

ఆవిడ డబ్బా తెచ్చి పేపరు ముందు పెట్టింది.

"ఏటండీ, పంచదార కూడా మీతో వాకింగుకొచ్చేసిందేటి?"