వ్రతం నాడు పుట్టిన నెమలి

ఆ రోజు నేతకారుల సంఘం పెద్దల ముందు శ్యాంసుందర్ బండారం బయటపెట్టాలని రామలింగం పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడిగాడు. కొత్తవాడలో రామలింగం నేయించిన నెమలి జంపఖానాను చూసి, పక్క వీధి శ్యాంసుందర్ అచ్చు గుద్దినట్టు నేయించి అమ్ముకుంటున్నాడు. పైగా బొమ్మ తనదేనంటున్నాడు! ఎంత బరితెగింపు!

రుజువు కూతురు దీప్తి దగ్గరుంది. దుకాణం డిజైన్లన్నిటికీ ఆమె ఫోన్లో అందరూ చూసేలా ఒక వికీ తయారుచేసింది. డిజైనుకో పేజీ, పేజీకో పుట్టిన తేదీ. బయల్దేరబోతూ ఆ తేదీలు చూసి రామలింగం అదిరిపడ్డాడు.

"ఇదేంది బిడ్డా? అన్నీ ఆషాఢంలనే పుట్టినయి! నెమలైతే అమాస నాడు! పెద్దమనుషులకు ఇదా చూపించేది? అన్నిటినీ మొన్నటి వరలక్ష్మీ వ్రతం రోజుకు మార్చు."

"బాపూ, జర ఆగు. ఆ తేదీలు మారిస్తే..."

"మంచిరోజు పెట్టుమంటె నీకు నొప్పేంది?"

చెప్తే వినే మనిషి కాదు. దీప్తి పళ్లు కొరుక్కుంటూ పేజీలన్నిటినీ ఒక్క దెబ్బకు వ్రతం రోజుకు తోసేసింది.

వికీ ఊరుకుంటుందా? అవన్నీ కొత్త డిజైన్లనుకుని నేతపనివాళ్ల ఫోన్లకు కబురు పంపింది. తండ్రీకూతుళ్లు గడప దాటేసరికి వాళ్లకు నేసిపెట్టే సమ్మమ్మ చేతులు తిప్పుతూ ఎదురొచ్చింది.

"అన్నా, గిన్ని కొత్త డిజైన్లు ఎవల మగ్గాలకిచ్చినవే? నేను కండ్లకు కనవడ్తలేనా?"

"ఒక్కటి గూడ కొత్తది లేదు తల్లీ!"

ఆమె నమ్మలేదు. సంఘం ఆఫీసు దాకా తిట్టుకుంటూ వెంట వచ్చింది.

సంఘం పెద్ద కొమురెల్లి కళ్లద్దాలు పెట్టుకుని వికీ చూశాడు. శ్యాంసుందర్ తన నెమలి ఫోటోను సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది వ్రతానికి ముందే.

"ఇంకేంది రామలింగం? కాపీ కొట్టింది నువ్వే."

"నా బొమ్మను నేనే కాపీ కొట్టిన్నా? ఆ మాట అననీకి నోరెట్లొచ్చిందే అన్నా! తేదీలు పొద్దుగాల మా బిడ్డతోని మార్పిచ్చిన!"

"ఇప్పుడు గట్లంటె ఎవలు నమ్ముతరు?"

శ్యాంసుందర్ మీసం దువ్వుకున్నాడు. రామలింగానికి ఒళ్లు మండిపోయింది. లోకంలో న్యాయమన్నదే లేదా?

అంతలో కేసముద్రం పత్తి వ్యాపారి శేఖర్ జంపఖానా చుట్టను చంకన పెట్టుకుని ఊగిపోతూ వచ్చాడు.

"శ్యాంసుందర్, ఈ బొమ్మ గీసిందెవడు? మా బిడ్డ పెండ్లిల పరిస్తే అందరు ఇవి నెమళ్లు కావు, గద్దలంటున్నరు! వియ్యంకుడు అలిగి బువ్వ తినకుంట పోయిండు. గీసినోడొచ్చి ఆయన కాళ్లు మొక్కాలె!"

శ్యాంసుందర్ చెయ్యి మీసం మీంచి జారింది. "సత్తెంగ నాది కాదు సేటూ! రామలింగమన్నది చూసి నేయించిన. మొదలు గీయించింది ఆయననే!"

పెద్దలందరూ విన్నారు. పొద్దుటి నుంచీ రామలింగం కోరుకున్న మాట అదే. కొమురెల్లి అతనివైపు తిరిగి, "నిజంగ నీదేనా?" అని అడిగాడు.

రామలింగం గొంతు సవరించుకున్నాడు. దీప్తి చేతిలోని ఫోను అందుకుని శేఖర్ కళ్లముందు పెట్టాడు.

"తేదీ చూడు సేటూ. శ్యాంసుందర్ ఫోటో పెట్టినప్పటికి నా నెమలి పుట్టనే లేదు."