మోచేతి రాయి

ఆ మంగళవారం ఉదయం గైడు ఎవరిస్తో వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదిన్నరకు బుర్గోస్ నుంచి వచ్చిన రిటైర్డ్ టీచర్లను రోమన్ వంతెన దగ్గర కలుసుకోవాలి. పదింటికి ఒకప్పటి మసీదు, ఇప్పటి చర్చి అయిన మెస్కీతాలోకి తీసుకెళ్ళి ఎనిమిది వందల యాభై ఆరు స్తంభాలనూ నలభై నిమిషాల్లో చూపించెయ్యాలి. ఆ తర్వాత పూలసందులో ఫొటోలు, వెండి నగల దుకాణంలో ఓ అరగంట. ఒంటిగంటన్నరకు ఇంట్లో భార్య అరసేలి చేసే చల్లటి టమాటా సూపు సల్మొరేహో, దాని మీద ఉడికిన గుడ్డు ముక్కలు. రెండింటికి కిటికీ తలుపులు మూసుకుని ఫ్యాను కింద నిద్ర. కోర్దొబాలో ఇరవై నాలుగేళ్ళు గైడుగా పనిచేసి అతను గట్టిగా నేర్చుకున్నది ఒకటే, ఆగస్టులో రెండు దాటాక బయట ఉండకూడదని.

మెస్కీతా గుమ్మం దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డంపెట్టాడు. లోపల బిషపుగారి ప్రత్యేక ప్రార్థన ఉందనీ, పన్నెండు దాకా చూడవచ్చినవాళ్ళను పంపరనీ వారం ముందే కాగితం అంటించారు. ఎవరిస్తో ఆ గుమ్మంలోంచి రోజూ వెళ్ళేవాడు కాబట్టి ఆ కాగితం చదవలేదు.

ఇరవై ఆరుమంది, రెండు గంటల కాలం, నలభై ఒక్క డిగ్రీలకు ఎక్కబోతున్న ఎండ. అతను వాళ్ళను దగ్గర్లో నీడపట్టున ఉన్న ఓ ఇరుకు సందులోకి తోలాడు. ఆ సందులో చూడదగ్గదేదీ లేదు. అతని అత్తగారు దోన్యా ఫుయెన్సాంత ఇల్లు ఉంది, దాన్ని చూడదగ్గదిగా అతనెప్పుడూ లెక్కపెట్టలేదు.

బృందంలో దోన్యా ఒబ్దూలియా అనే మాజీ హెడ్‌మిస్ట్రెస్ ఉంది. చేతిలో నోటుపుస్తకం, చెవి మీద పెన్సిలు. వంతెన మీదే ఎవరిస్తో చెప్పిన తేదీలు రెండు తప్పులని దిద్దింది. ఇప్పుడామె ఆ ఇంటి ఆకుపచ్చ తలుపు పక్కన గోడరాయిలో మోచెయ్యి ఎత్తులో ఉన్న నల్లటి గుంటను చూపించి, అదేమిటని అడిగింది.

అదేమిటో ఎవరిస్తోకు బాగా తెలుసు. ముప్ఫై ఏళ్ళ క్రితం అతని మామగారు రొహేలియో ఆలివ్ నూనె డబ్బాలు నింపుకున్న మూడు చక్రాల వ్యాను వెనక్కి తిప్పుతూ ఆ గోడను గుద్దాడు. రాయి లొట్టపోయింది, నూనె పారింది, ఆ తర్వాత ఆయన పోయేదాకా దోన్యా ఫుయెన్సాంత ఆ సంగతి ఎత్తని రోజు లేదు. కానీ ఇదంతా చెప్పడానికి ఒక నిమిషం చాలు. గడవాల్సింది రెండు గంటలు.

కాబట్టి ఎవరిస్తో గొంతు తగ్గించి, ఖలీఫాల కాలంలో ఈ ఇంట్లో ఒక న్యాయాధికారి ఉండేవాడని మొదలుపెట్టాడు. మొగుడూ పెళ్ళాల తగవు వస్తే ఆయన సాక్షుల్ని పిలిచేవాడు కాదట. ఈ గుంటలో మోచెయ్యి పెట్టి మాట్లాడమనేవాడట. నిజం చెబితే ఏమీ కాదు, అబద్ధమాడితే చెయ్యి జివ్వుమని లాగేస్తుంది. వెయ్యేళ్ళుగా ఈ రాయి పొరబడింది లేదు.

దోన్యా ఒబ్దూలియా నోటుపుస్తకం మూసి, మోచెయ్యి గుంటలో పెట్టి, ముప్ఫై అయిదేళ్ళ ఉద్యోగంలో ఒక్క పిల్లవాణ్ణీ కొట్టలేదని ప్రకటించింది. చెయ్యి వెనక్కి తీస్తుండగా ఎముక గుంట అంచుకు తగిలింది. ఆమె కెవ్వుమంది. మిగతా టీచర్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత క్యూ కట్టారు. పన్నెండింటికి మెస్కీతా తెరిచారని ఎవరిస్తో మూడుసార్లు చెప్పినా ఎవరూ కదల్లేదు. ఆ స్తంభాలు ఎక్కడికీ పోవుగా అన్నారు.

బుర్గోస్ చేరాక దోన్యా ఒబ్దూలియా ఇంటర్నెట్‌లో తన అభిప్రాయం రాసింది. 'మెస్కీతా పెద్దది. మోచేతి రాయి నిజమైనది.' అయిదు నక్షత్రాలు ఇచ్చింది. కింద ఇంటి నంబరు కూడా వేసింది, టీచరు కదా, సగం సమాధానం రాయదు.

పదిరోజుల్లో ఆ సందులో నడవడానికి దారి లేకుండాపోయింది. భార్యలు భర్తల మోచేతులు పట్టుకుని లాక్కొచ్చేవారు. భర్తలకు ఉన్నట్టుండి స్తంభాల శిల్పకళ మీద విపరీతమైన ఆసక్తి పుట్టుకొచ్చేది. లిస్బన్ నుంచి వచ్చిన ఒక జంట అక్కడికక్కడే పెళ్ళి మానుకుంది. ఇద్దరూ విడివిడిగా అయిదేసి నక్షత్రాలిచ్చారు.

దోన్యా ఫుయెన్సాంతకు డెబ్బై ఎనిమిదేళ్ళు. మొదటివారం ఆమె తలుపు తీసి, అది తన మొగుడు వ్యానుతో చేసిన నిర్వాకమని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. పాపం పెద్దావిడ, వెయ్యేళ్ళ చరిత్ర గుమ్మంలో పెట్టుకుని తెలుసుకోలేకపోయిందని వాళ్ళు జాలిపడ్డారు. ఆమె కూతురికి ఫోన్ చేసింది. కూతురు భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది.

"అమ్మ మధ్యాహ్నం కునుకు తీసి వారమైంది. ఏ దిక్కుమాలినవాడు పుట్టించాడో ఈ కథ. నువ్వు గైడువి కదా, వెళ్ళి ఆ జనానికి అసలు సంగతి చెప్పిరా," అంది అరసేలి.

ఎవరిస్తో సల్మొరేహో గిన్నెలోకి చూస్తూ, సరే అన్నాడు. మర్నాడు వెళ్ళి, క్యూలో ఉన్నవాళ్ళకు మర్యాదగా వివరించాడు. సరగోసా నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఫోన్ తీసి అతని మొహం ముందు పెట్టాడు. "టికెట్ ఉన్నచోటికి తీసుకెళ్తేనే మీకు గిట్టుబాటు. అందుకే గైడ్లు ఈ రాయిని దాచిపెడతారని ఇక్కడే రాశారు, చదువుకోండి."

చెబితే వినరని తేలిపోయాక ఎవరిస్తో చెయ్యగలిగిందే చేశాడు. రెండువారాలు ఓపికపట్టి, ఒక సోమవారం తెల్లవారుతుండగా గిన్నెలో సిమెంటు కలుపుకుని వెళ్ళి, గుంటను పూడ్చి, నున్నగా మెత్తి వచ్చాడు. అత్తగారి నిద్ర కాపాడానన్న తృప్తితో ఆ రోజు రెండు గుడ్లు ఎక్కువ తిన్నాడు.

అతనికి తెలియనిదేమిటంటే, ఈ రెండువారాల్లో దోన్యా ఫుయెన్సాంత నిద్ర సంగతి మర్చిపోయింది. భర్త పోయిన ఆరేళ్ళలో ఆ గుమ్మం దగ్గర కూర్చుని ఆమెతో నాలుగు మాటలు మాట్లాడినవాళ్ళు లేరు. ఇప్పుడు జివ్వుమన్న మొగుళ్ళ పెళ్ళాలు ఆమె మెట్ల మీదే కూర్చుని ఏడుస్తున్నారు. ఆమె కుర్చీ వేసుకుని, విసనకర్రతో విసురుతూ, ఎవరిని క్షమించాలో ఎవరిని వదిలేయాలో చెబుతోంది. జనం ఆమె మాట వింటున్నారు. సోమవారం ఉదయం తలుపు తీసి, సిమెంటు చూసి, కుర్చీ లోపల పెట్టేసి ఆమె ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ లోటు మిగతావాళ్ళు తీర్చారు. ఊరి పత్రిక దాన్ని నాగరికతకు తగిలిన గాయమంది. పాతపేట గైడ్ల సంఘం అధ్యక్షుడు దోన్ బాల్దొమేరో ఒకప్పుడు చరిత్ర మాస్టారు. నెల క్రితం ఆ రాయి ఉందని కూడా ఆయనకు తెలియదు. ఇప్పుడు స్వయంగా మోకాళ్ళ మీద కూర్చుని, టీస్పూనుతో సిమెంటు గీకి తీశాడు. అడుగున రాతిపొరల్లో ఏదో ఇంకి ఉంది. వాసన చూశాడు. ఆలివ్ నూనె. ఖలీఫాల కాలంలో ప్రమాణం చేయించే ముందు గుంటలో నూనె పోసేవారనడానికి ఇంతకంటే ఏ రుజువు కావాలని పత్రికవాళ్ళను అడిగాడు. వాళ్ళు ఏదీ అక్కర్లేదన్నారు.

ఇది బయటివాళ్ళ పని కాదని, అసూయతో రగిలిన గైడెవడో చేసిన పనేనని దోన్ బాల్దొమేరో తేల్చాడు. గురువారం పదకొండింటికి సంఘం సభ్యులందరూ వచ్చి, ఆ గుంటలోనే మోచెయ్యి పెట్టి ప్రమాణం చెయ్యాలన్నాడు. రానివాడి గుర్తింపు కార్డు రద్దు.

ఇరవై ఇద్దరు గైడ్లు వరసగా వచ్చి, చెయ్యి పెట్టి, తాము సిమెంటు పూయలేదని చెప్పి, నెమ్మదిగా చెయ్యి తీసుకుని వెళ్ళారు. ఎవరిస్తో చివర నిలబడ్డాడు. ఆ న్యాయాధికారి లేడని ప్రపంచంలో అందరికంటే బాగా తెలిసినవాడు అతనే. ఆయన్ను పుట్టించిందే అతను. అయినా చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మళ్ళీ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న తల్లి పక్కన నిలబడి అరసేలి మొగుడి మొహం తేరిపార చూస్తోంది.

"సిమెంటు నేను పూయలేదు," అన్నాడు ఎవరిస్తో, గోడతో చెబుతున్నట్టు. అంటూనే చెయ్యి గబుక్కున లాక్కున్నాడు.

భుజం నుంచి చిటికెనవేలి దాకా జివ్వుమంది. అతను కేకపెట్టి నేలమీద కూలబడ్డాడు. ముసలివాళ్ళు సిలువగుర్తు వేసుకున్నారు.

ఇక దాచి లాభం లేదనుకుని ఎవరిస్తో అంతా కక్కేశాడు. సిమెంటు తనదే. ఆ కథా తనదే. న్యాయాధికారి లేడు, ఖలీఫా లేడు, బిషపుగారి ప్రార్థన అయ్యేదాకా టీచర్లను కూర్చోబెట్టడానికి పుట్టించాడు. అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. సిమెంటు సంగతి వెంటనే నమ్మారు. రెండో సంగతికి వచ్చేసరికి, చూశారా, అబద్ధమాడినవాడి చేత ఎలా కక్కించిందో అని రాయి వైపు భక్తిగా చూశారు.

ఎవరిస్తో మోచెయ్యి పట్టుకుని అత్తగారి వైపు తిరిగాడు. "అత్తయ్యగారూ, మీరైనా చెప్పండి. అది మామగారు వ్యానుతో గుద్దిన గుంట కదా. పోయేదాకా ఆయన్ని సాధించారు కదా దాని గురించి."

దోన్యా ఫుయెన్సాంత విసనకర్ర ఆపింది. జనాన్ని చూసింది, మెట్ల మీద చేరిన ఆడవాళ్ళను చూసింది, చివరికి అల్లుణ్ణి చూసింది.

"మీ మామగారు బండి నడిపినన్నాళ్ళూ ఒక్క గోడకి గీత పడనివ్వలేదయ్యా," అంది. "పోయినవాళ్ళ మీద నిందలెయ్యకు."

"అయితే మోచెయ్యి పెట్టి అనండి ఆ మాట."

ఆమె నింపాదిగా లేచి వచ్చింది. మూడువారాలుగా రోజుకు వందమంది ఆ గుంటలో చెయ్యి పెట్టడం, తియ్యడం చూసింది. ఎక్కడ తగులుతుందో, ఎలా తీస్తే తగలదో ఆమె కంటే తెలిసినవాళ్ళు లేరు. మోచెయ్యి పెట్టి, అదే మాట మళ్ళీ అని, పొంగిన పాలు దించినంత జాగ్రత్తగా చెయ్యి పైకెత్తి తీసింది. ఏమీ కాలేదు. జనం చప్పట్లు కొట్టారు. అరసేలి కొట్టలేదు, కానీ మొగుణ్ణి లేవదియ్యనూ లేదు.

సాయంత్రానికి సంఘం ఉత్తర్వు వచ్చింది. దోన్యా ఫుయెన్సాంతను మోచేతి రాయికి గౌరవ సంరక్షకురాలిగా నియమించారు. ప్రాచీన కట్టడంపై సిమెంటు పూసినందుకు ఎవరిస్తో గుర్తింపు కార్డును మూడు నెలలు నిలిపేశారు.

అబద్ధం చెప్పినందుకు మాత్రం ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు.