నులిపురుగుల నెపం

మా బావమరిది వస్తున్నాడంటే నాకు వెన్నులో వణుకు. ఉద్యోగం దొరికేదాకా మా ఇంట్లోనే ఉంటాడట. పోయినసారి కూడా ఇదే మాట మీద వచ్చి, నా మంచమెక్కి, నన్ను వరండాలోకి దించాడు. ఈసారి ప్రాణం పోయినా మంచం వదలకూడదనుకున్నాను.

నేను ఆసుపత్రి ల్యాబులో మైక్రోస్కోపు ముందు కూర్చునేవాణ్ణి. కొత్తగా చేరినవాళ్లకు నులిపురుగుల గుడ్లు చూపించడానికి అక్కడ ఒక పాత స్లైడుంది. దాన్ని జేబులో వేసుకొచ్చాను. ల్యాబువాళ్లు పారేస్తే తెచ్చుకున్న మైక్రోస్కోపు ఒకటి ఇంట్లో ఉంది. దాని కింద పెట్టి మా ఆవిణ్ణి పిలిచాను. ఇవి నా ఒంట్లోంచి వచ్చిన గుడ్లేనని, ఇంటిల్లిపాదికీ అంటుకుంటాయని, ఇలాంటప్పుడు చుట్టాలను పిలవడం మహాపాపమని గొంతు తగ్గించి చెప్పాను.

ఆవిడ పిల్లల వార్డులో నర్సు. కన్ను ఆనించి చూసింది. చాలాసేపు చూసింది. స్లైడు తీసి వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పింది. నా గోళ్లు వాటంతటవే నోట్లోకి వెళ్లాయి.

"సరే. రేపు పొద్దున స్నానాలకు ముందే అందరికీ టేపు పరీక్ష చేద్దాం. మీరే చూసి చెప్పండి" అంది.

ఉన్నాయని చెప్పడం ఎంతసేపు? హాయిగా నిద్రపోయాను.

లేవగానే మలద్వారం దగ్గర టేపు అంటించి తీసి, గాజుపలక మీద పరిచి చూడటమే ఆ పరీక్ష. పురుగులు బయటికొచ్చి పెట్టిన గుడ్లు దానికి అంటుకుంటాయి. చెప్పేది ఎలాగూ అబద్ధమే అయినా, అలవాటైన కన్ను ఊరుకోదు కదా. మా అమ్మాయి టేపు శుభ్రంగా ఉంది. మా ఆవిడదీ అంతే. చివర నాది పెట్టాను.

ఒక పక్క చదునుగా, ఒక పక్క ఉబ్బెత్తుగా, గుంపులు గుంపులుగా ఉన్నాయి గుడ్లు. నా పక్కలోనే పడుకునే పిల్ల గుర్తొచ్చి భయమేసింది. మంచం సంగతి మరిచిపోయి వంటగదిలోకి పరుగెత్తాను.

"నిజంగానే ఉన్నాయే" అన్నాను.

"నిన్న అబద్ధంగా ఉన్నాయా?" అంది ఆవిడ, వెనక్కి తిరగకుండానే.

ఆవిడ తాపీగా చేయి తుడుచుకుని, నిన్నటి స్లైడు అంచున ఉన్న ఎర్రటి గీతను చూపించింది.

"ఇది నా గోళ్ల రంగు. స్లైడు అంచులు మూయాలని పెళ్లైన కొత్తలో మీ ల్యాబుకి సీసా పట్టుకుపోయారు. మళ్లీ తేలేదు."

ఆ తర్వాత అందరి చేతా మాత్రలు మింగించింది. గుడ్లు గోళ్ల సందుల్లోంచే నోట్లోకి పోతాయని, కొరకొద్దంటే విన్నారా అని సణుగుతూ నా గోళ్లు మొదలంటా కత్తిరించింది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ వేడినీళ్లలో వేసి నన్ను ముందు కూర్చోబెట్టింది.

"తమ్ముడికి ఫోన్ చేశాను. బావకి ఒంట్లో బాగాలేదు, సాయంగా ఉందువు, ఇవాళే రమ్మన్నాను" అంది.

నేను నా మంచం మీది దుప్పటి చేతిలోకి తీసుకున్నాను.

"అది కాస్త గట్టిగా ఉతకండి. వాడు పడుకునేది దాని మీదే."