బోర్డు మీద పాప

మానవజాతి కనిపెట్టిన వాటిలో నిప్పునీ చక్రాన్నీ జనం అనవసరంగా పొగుడుతుంటారు. అసలు గొప్పది వేరే ఉంది. అప్పు అనేదాన్ని ఎప్పుడూ ఎదుటి వరుసలో కూర్చున్నవాడే చేస్తాడు అన్న సత్యం అది. దాన్ని వాషింగ్టన్ నగరంలో కనిపెట్టారు, అక్కడే ఒక గదిలో భద్రపరిచారు. ఆ గదికి పొద్దున తాళం తీసి సాయంత్రం తాళం వేసేది మేమే.

మా కార్యాలయం పేరు ప్రసంగాల భాండాగారం. సభాభవనం కింద, బాయిలర్ గదికీ విరిగిన కుర్చీల గదికీ మధ్య ఉంటుంది. ఉన్నది ఇద్దరం. అధికారిణి డెల్ఫిన్ రూక్స్ గారికి ముప్పై నాలుగేళ్ల సర్వీసు. ఆవిడ కింద సహాయకుణ్ణి నేను, పంతొమ్మిదేళ్లుగా తాత్కాలికం. (నన్ను పర్మనెంట్ చేసే బిల్లు నడుస్తోంది. ఎటు నడుస్తోందో మాత్రం చెప్పరు.)

మా దగ్గర రెండు ఇనప బీరువాలున్నాయి. ఆకుపచ్చది అధికారం పోయినవాళ్లది. అందులో ‘ఈ అప్పు మన మనవల మెడకి ఉరి’, ‘ఇక ఒక్క డాలరు కూడా ఇవ్వం’ వగైరా ప్రసంగాలుంటాయి. గోధుమరంగుది అధికారం వచ్చినవాళ్లది. అందులో ‘తిన్న తిండికి బిల్లు కట్టడం మర్యాద’, ‘దేశం పరువు తీస్తారా’ వగైరా. పార్టీ పేరు రావలసిన చోట గీత గీసి వదిలేశాం, పెన్సిల్‌తో నింపుకోవచ్చు. పూర్వం సభలో ఎడమ వరుసవాళ్లూ కుడి వరుసవాళ్లూ ఎవరి ప్రసంగాలు వాళ్లే రాయించుకునేవారట. అక్షరం పొల్లుపోకుండా రెండూ ఒకేలా వస్తుండడంతో, ఇది దుబారా అని ఒక్క సెట్టే ఉంచారు. నాకు తెలిసి ప్రభుత్వ ఖర్చు నిజంగా తగ్గింది ఆ ఒక్కసారే.

వీటితోబాటు ఒక బోర్డు ఉంది. నాలుగడుగుల ఎత్తు. పైన గుక్కపట్టి ఏడుస్తున్న ఏడు నెలల పాప ఫోటో, కింద కొక్కేలకి వేలాడే అంకెలు. దేశం మొత్తం అప్పు ఆ అంకెల్లో ఉంటుంది. ఆకుపచ్చ ప్రసంగం చదివే సభ్యుడు దీన్ని పక్కన నిలబెట్టుకుని, ‘ఈ పసికందు ఏం పాపం చేసింది’ అని గొంతు పూడుకుపోయేలా అడగాలి. ఆ పసికందు డెల్ఫిన్ గారి కూతురు ఒడెట్. ముప్పై ఒక్కేళ్ల కిందట ఆఫీసుకి తెచ్చినప్పుడు పళ్లు వస్తున్న బాధకి ఏడుస్తుంటే ఎవరో ఫోటో తీశారు. ప్రతిఫలంగా తల్లికి క్యాంటీన్‌లో ఒక గిన్నె బీన్స్ సూప్ ఇప్పించారు. (ఆడిటర్లు ఆ గిన్నె గురించి ఇప్పటికీ అడుగుతుంటారు.)

అధికారం చేతులు మారినప్పుడల్లా రెండు వరుసల పెద్దలూ మా గదికొచ్చి బీరువా తాళంచెవులు మార్చుకుంటారు. మొన్న జనవరిలో ఎడమ వరుస గెలిచింది. వాళ్ల పెద్ద థాడియస్ బ్రంప్టన్ గారు ఆకుపచ్చ తాళంచెవి బల్లమీద పెట్టి, కొత్త పెళ్లికొడుకులా నిలబడ్డారు.

“డెల్ఫిన్ గారూ, ఇన్నాళ్లూ ఉరి అన్నాను కదా. ఇప్పుడేమనాలి?”

“మర్యాద అనాలి సార్. గోధుమరంగు బీరువా, రెండో అర.”

“నిన్నటిదాకా ఉరి అన్నావు కదా అని ఎవరైనా అడిగితే?”

“అడగాల్సిన మేడమ్ గారు నిన్నటిదాకా మర్యాద అన్నారు సార్.”

ఆ మేడమ్ గారు, అంటే కుడి వరుస పెద్ద వెర్నా కిల్గోర్ గారు, ఆయన వెనకే నిలబడి వాచీ చూసుకుంటున్నారు. “కాస్త త్వరగా కానివ్వండి థాడ్. నాలుగింటికి నాకు ఆవేశం ఉంది, ఇంకా చదువుకోలేదు,” అన్నారు. ఇద్దరూ మా కాఫీ తాగారు, మనవల ఫోటోలు చూపించుకున్నారు, పైకెళ్లి నాలుగింటికి ఒకరినొకరు దేశద్రోహి అనుకున్నారు. ఎంత చక్కటి మనుషులో చెప్పలేను.

అక్టోబరు ఒకటిన ఖర్చుల బిల్లు గడువు తీరింది. కొత్త బిల్లు నెగ్గలేదు. ప్రభుత్వం మూతబడింది.

మూతబడడమంటే తలుపేసుకుపోవడం అనుకునేరు. దానికో పద్ధతుంది. ఉద్యోగుల్ని రెండు రకాలుగా విడదీస్తారు. అత్యవసరమైనవాళ్లు జీతం లేకుండా పనికి రావాలి. అత్యవసరం కానివాళ్లు జీతం లేకుండా ఇంట్లో ఉండాలి. ఊరికే చేస్తాను మహాప్రభో అని వచ్చినా నేరమే. సభ్యుల జీతాలు మాత్రం ఆగవు, అది వేరే పద్దు. ఆ వారం పార్కుల గేట్లు మూశారు, మ్యూజియంలో ఎముకలకి కూడా సెలవిచ్చారు. ప్రసంగాల భాండాగారాన్ని అత్యవసరమని ప్రకటించారు. నేను ఆ ఉత్తర్వుని ఫ్రేము కట్టించుకుందామనుకుని, డబ్బుల్లేక మానేశాను.

ఒడెట్ కూడా అత్యవసరమే. విమానాశ్రయంలో ప్రయాణికుల సంచులు తనిఖీ చేస్తుంది. పొద్దస్తమానం నిలబడే పని. ఆమెకి తొమ్మిదో నెల. ప్రసూతి సెలవుకి నెల ముందే అర్జీ పెట్టుకుంది. దానిమీద సంతకం పెట్టాల్సిన అధికారి అత్యవసరం కాదట, అందుకని ఇంట్లో ఉన్నాడు. ప్రభుత్వం తెరుచుకుంటే సంతకం, సంతకమైతే సెలవు. లేకపోతే పాప పుట్టేదాకా అక్కడే నిలబడాలి, పైసా జీతం లేకుండా.

రోజూ మధ్యాహ్నం ఫోనొచ్చేది. డెల్ఫిన్ గారు స్పీకర్లో పెట్టి ఫైళ్లు సర్దుకుంటూ మాట్లాడేవారు.

“కాళ్లెలా ఉన్నాయే?”

“వాచిపోయాయమ్మా. నాన్న బూట్లేసుకొచ్చా.”

“కుర్చీ అడగవే పిచ్చిదానా.”

“కుర్చీలిచ్చేవాణ్ణి ఇంటికి పంపేశారమ్మా. వాడు అత్యవసరం కాదట.”

డెల్ఫిన్ గారు చేతిలో ఫైలు మూసేశారు. “సరే. నువ్వు గోడకానుకుని నిలబడు. బిల్లు సంగతి నేను చూస్తా,” అన్నారు. సభలో నాలుగు వందల ముప్పై అయిదు మంది ఉండగా ఆ మాట అన్నది నేలమాళిగలో గుమాస్తా ఒక్కతే అని నాకు కళ్లు చెమర్చాయి.

ఇరవయ్యో రోజున ఆవిడ ఒక తప్పు చేశారు. (రికార్డులో తప్పు అనే రాశాం.) రెండు వరుసల ఫైళ్లు తారుమారు చేసి పైకి పంపారు. అధికారంలో ఉన్న బ్రంప్టన్ గారు లేచి, ఒక్క డాలరు కూడా ఇవ్వం అని గర్జించారు. వెంటనే కిల్గోర్ గారు లేచి, తిన్న తిండికి బిల్లు కట్టరా, సిగ్గు లేదా అని నిలదీశారు. ఎడమ వరుస ఎడమ ప్రసంగానికీ కుడి వరుస కుడి ప్రసంగానికీ చప్పట్లు కొట్టాయి. నాలుగు గంటలు పోట్లాడుకున్నారు. తేడా ఎవరికీ తెలియలేదు, పత్రికలవాళ్లతో సహా. ప్రతిష్టంభన ఎక్కడిదక్కడే ఉంది.

“వీళ్లు చదువుతున్నది వినరు నాయనా, ఎదుటివాడు ఆపగానే మొదలెడతారంతే,” అన్నారు డెల్ఫిన్ గారు. “ఇద్దరికీ ఒకటే ఇచ్చి చూద్దాం.”

ఇరవై మూడో రోజు గురువారం. ఇద్దరికీ గోధుమరంగు ఫైలే వెళ్లింది. బ్రంప్టన్ గారు బిల్లు కట్టడం మర్యాద అన్నారు. కిల్గోర్ గారు కూడా బిల్లు కట్టడం మర్యాద అన్నారు. వెనక బెంచీలో ఒక పెద్దాయనకి కళ్లు తిరిగాయి. సభాపతి గారు నిబంధనల పుస్తకం ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి తిప్పి, ఏకాభిప్రాయం ఈ రోజు అజెండాలో లేదని, అది ఎలా వచ్చిందో విచారించడానికి పదకొండు మందితో కమిటీ వేస్తున్నామని ప్రకటించి, సభని సోమవారానికి వాయిదా వేశారు.

సోమవారానికి ఎందుకంటే, గురువారం మధ్యాహ్నం అందరికీ సొంతూళ్లకి విమానాలుంటాయి. మా సభలో దేవుణ్ణి నమ్మనివాళ్లున్నారు గానీ గురువారం విమానాన్ని నమ్మనివాళ్లు లేరు.

వెళ్తూ వెళ్తూ ఇద్దరు పెద్దలూ బోర్డు అడిగారు. నియమం ప్రకారం అది ఆకుపచ్చవాళ్లది, అంటే కిల్గోర్ గారిది. బ్రంప్టన్ గారు నన్ను పక్కకి పిలిచి, “ఇక్కడ మర్యాద అంటాను సరే, మా ఊళ్లో ఉరి అనకపోతే ఒక్క ఓటు పడదయ్యా,” అన్నారు. తగువు తేలక, బోర్డుని విమానాశ్రయానికి మోసుకురమ్మన్నారు. నేనొక కొస, డెల్ఫిన్ గారొక కొస పట్టుకుని బయల్దేరాం.

అక్కడ క్యూ కారు పార్కింగ్ దాకా ఉంది. తనిఖీవాళ్లలో సగం మంది పెట్రోలుకి డబ్బుల్లేక రావడం మానేశారు. పన్నెండు యంత్రాల్లో ఒకటే నడుస్తోంది, దాని దగ్గర ఒడెట్ ఒక్కతే ఉంది. క్యూకి మధ్యలో తాడు కట్టారు. అలవాటు ఎక్కడికి పోతుంది, ఎడమ వరుసవాళ్లు తాడుకి ఎడమవైపు, కుడి వరుసవాళ్లు కుడివైపు నిలబడ్డారు.

“సార్, బూట్లు తీసి ట్రేలో పెట్టండి,” అంది ఒడెట్.

“నేనెవరో తెలుసా అమ్మాయ్?” అన్నారు బ్రంప్టన్ గారు.

“తెలుసు సార్. ముప్పై ఏళ్లుగా నన్ను చూపించి ఏడుస్తున్నారు. బెల్టు కూడా తియ్యండి.”

ఆయనకి అర్థం కాలేదు, బెల్టు తీశారు. ఆయన తర్వాత కిల్గోర్ గారు, ఆవిడ తర్వాత సభాపతి గారు. సభాపతి గారి సంచిలో, సభలో బల్లమీద కొట్టే చెక్క సుత్తి దొరికింది. సుత్తులు లోపలికి తీసుకెళ్లకూడదని ఒడెట్ దాన్ని ట్రేలో పక్కన పెట్టింది. తర్వాత మా బోర్డు. అది యంత్రంలో పట్టదు, చేత్తో తడిమి చూడాలి. నీలం తొడుగులేసుకున్న చేతుల్తో ఒడెట్ తన చిన్నప్పటి ఏడుపు మొహాన్ని పైనుంచి కిందిదాకా తడిమింది. అంకెల దగ్గరికొచ్చేసరికి ఒక కొక్కెం పట్టుకుని ఆగిపోయింది.

“అమ్మా,” అంది మామూలుగానే. “నొప్పులు మొదలైనట్టున్నాయి.”

డెల్ఫిన్ గారు బోర్డు వదిలేసి కూతుర్ని పట్టుకున్నారు. (వదిలేసిన కొస కిల్గోర్ గారు ఠక్కున అందుకుని, “ఇక ఇది నాదే థాడ్,” అన్నారు.) కుర్చీ లేదు కాబట్టి ఒడెట్‌ని సంచులు జారే పట్టీ మీద కూర్చోబెట్టాం. యంత్రం ఆగింది. క్యూ ఆగింది.

“ఇంకొకర్ని పిలవరేం? రెండు నలభైకి నా ఫ్లైటు,” అన్నారు కిల్గోర్ గారు.

“పిలవాల్సిన సూపర్‌వైజరు ఇంట్లో ఉన్నాడు మేడమ్, అత్యవసరం కాదని,” అన్నారు డెల్ఫిన్ గారు, కూతురి వీపు నిమురుతూ. “బిల్లు నెగ్గితే వస్తాడు. ఇల్లు పక్క వీధిలోనే, పది నిమిషాలు.”

కిల్గోర్ గారు బ్రంప్టన్ గారి వైపు చూశారు. బ్రంప్టన్ గారు గోడ గడియారం వైపు చూశారు. రెండు పన్నెండు. సభాపతి గారు మేజోళ్లతో ముందుకొచ్చి, సభ్యులు ఎక్కడ సరిపడా ఉంటే సభ అక్కడే అన్న నిబంధన ఒకటి ఉండే ఉంటుందన్నారు. ట్రేలోంచి సుత్తి తీసి ఆ ట్రే మీదే కొట్టారు. ఇరవై మూడు రోజులు కుదరని ఒప్పందం ఆరున్నర నిమిషాల్లో కుదిరింది. మూడు వారాలకి సరిపడా ఖర్చుల బిల్లు. అనుకూలంగా అందరూ, వ్యతిరేకంగా ఎవరూ లేరు. దేశ చరిత్రలో బెల్టులు లేకుండా ప్యాంట్లు పట్టుకుని ఓటేసిన సభ ఇదేనని నేను మినిట్స్‌లో రాసుకున్నాను.

సూపర్‌వైజరు వచ్చాడు, వెనకే స్ట్రెచర్ వచ్చింది. ఒడెట్‌ని తాడు పక్కనుంచి తీసుకెళ్తుంటే రెండు వరుసలూ చప్పట్లు కొట్టాయి. అదే క్షణాన విమానం ఎక్కడం మొదలైందని మైకులో చెప్పారు, చప్పట్లు అందుకు.

సాయంత్రం ఆరింటికి ఆడపిల్ల పుట్టింది. మూడు కిలోలు, తల్లీబిడ్డా క్షేమం. మర్నాడు అధికారి ఆఫీసుకొచ్చి సెలవు మంజూరు చేశాడు. బిల్లు ఎన్నాళ్లకుంటే సెలవు అన్నాళ్లకే ఇవ్వగలనని మూడు వారాలు రాశాడు. ప్రభుత్వం మళ్లీ మూతబడిన రోజున ఆమె అత్యవసరం కాబట్టి డ్యూటీకి రావాలి.

సోమవారం ఇద్దరు పెద్దలూ, రెండు వరుసలూ సంతకం చేసిన కాగితం పట్టుకుని మా గదికొచ్చారు. బోర్డు మీది పాప ఎవరో తెలిసిపోయిందనీ, ఆమెకి పెళ్లయి పిల్ల కూడా పుట్టిందనీ, ఇంత పెద్దమనిషిని పసికందు అనడం సభకి గౌరవం కాదనీ, కనుక కొత్తగా పుట్టిన పాప ఫోటో ఇప్పించవలసిందనీ దాని సారాంశం. (సూప్ ప్రస్తావన లేదు.) డెల్ఫిన్ గారు ఫోన్లో ఉన్న ఫోటో చూపించారు. ఇద్దరు పెద్దలూ కళ్లజోళ్లు పెట్టుకుని చూశారు.

“బంగారంలా ఉంది,” అన్నారు బ్రంప్టన్ గారు. “కాకపోతే నిద్రపోతోంది. మాకు ఏడుపు కావాలి.”

“కాస్త గిల్లితే?” అన్నారు కిల్గోర్ గారు.

డెల్ఫిన్ గారు ఫోను లోపల పెట్టేసుకున్నారు. “గిల్లక్కర్లేదు మేడమ్. మూడు వారాలాగండి, బిల్లు గడువు తీరిపోతుంది. అప్పుడు పాపని వదిలేసి డ్యూటీకెళ్తూ వాళ్లమ్మ కూడా ఏడుస్తుంది. ఇద్దర్నీ కలిపి తీసుకుందురుగాని.”

ఒకే ఫోటోలో రెండు తరాలు వస్తాయి కాబట్టి ఖర్చు కలిసొస్తుందని, ఈ సూచనని రెండు వరుసలూ ఏకగ్రీవంగా ఆమోదించాయి.